ఏరు లేని ఊరు: యాత్రా సాహిత్యంలో చోటు దొరకని ప్రయాణికులు

తెలుగు యాత్రా సాహిత్యం మీద ఏ వ్యాసం తీసినా మొదటి పేరాలో ఏనుగుల వీరాస్వామయ్య వుంటాడు. వుండాల్సిందే. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆ పదిహేను నెలల్లో చూసిన దేశాన్నంతా మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రని నేను చదువుకున్నప్పుడూ, తర్వాత అమలాపురంలో డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పినప్పుడూ ఒక ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. ఆయన పల్లకీ మోసిన బోయీలు కూడా అంతదూరం వెళ్ళారు కదా! ఆయన కూచుని వెళ్ళాడు, వాళ్ళు నడిచి వెళ్ళారు. ఆ దారిలో రాయీ రప్పా ఆయనకంటే వాళ్ళ కాళ్ళకే బాగా తెలుసు. అంత పరివారానికీ వండిపెట్టిన చేతులకి ఏ మజిలీలో నీళ్ళు తియ్యగా వుంటాయో, ఎక్కడ కట్టెలు పచ్చిగా వుండి పొగలేస్తాయో తెలుసు. వాళ్ళు చేసింది యాత్ర కాదా?

మన విమర్శలో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో స్థిరపడిపోయింది. తీరికా డబ్బూ వున్నవాళ్ళు పనులు మానుకుని వెళ్ళి చూసొస్తే అది యాత్ర. పనిచేస్తూ చూస్తే అది వలస. యాత్రికులకి కళ్ళుంటాయి, వలస వెళ్ళినవాళ్ళకి కష్టాలుంటాయి.

స్త్రీలు ఈ చట్రంలోకి రాలేదా అంటే వచ్చారు. పోతం జానకమ్మ రాఘవయ్య 1870ల్లో ఇంగ్లండ్ వెళ్ళి తెలుగులో రాసుకున్న అనుభవాలు 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. ఓడెక్కడమే అపచారమనే రోజుల్లో ఒక తెలుగు స్త్రీ లండన్ వీధుల్ని తన కళ్ళతో చూసి రాయడం చిన్న సంగతి కాదు. నాయని కృష్ణకుమారి కాశ్మీర ప్రయాణాన్ని కాశ్మీర దీపకళికగా రాశారు. దేశదేశాల స్త్రీ యాత్రికుల్ని ఒకచోట చేర్చి మాచవరపు ఆదినారాయణ ఒక పుస్తకమే తెచ్చారు. ఇవన్నీ మనకి కావాలి. నా పేచీ వాటితో కాదు, వాటి తర్వాత మనం తలుపు మూసేసుకోవడంతో.

తలుపు ఎలా మూసుకుందో చూడ్డానికి మన కోనసీమ నుంచే రెండు రకాల ప్రయాణాల్ని పక్కపక్కన పెడతాను.

మొదటిది అమెరికా. అమలాపురం, కొత్తపేట, రావులపాలెం వైపు ఇళ్ళలోంచి తల్లులు కూతురి పురిటికో కోడలి పురిటికో న్యూజెర్సీకో డల్లాస్‌కో వెళ్తారు. సందర్శకుల వీసా, మామూలుగా ఆరునెలలు. సూట్‌కేసులో సొంటిపొడి, కారప్పొడి, ఉలవచారు, బిడ్డకి పాత నూలుచీరల పొత్తిగుడ్డలు. ఆ ఆరునెలలూ బాలింతకి పథ్యం వండి, బిడ్డకి నీళ్ళుపోసి, అల్లుడి లంచ్‌బాక్స్ సర్ది, శనివారం ఎవరికైనా తీరికైతే నయాగరా చూసొస్తారు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరుడి గుళ్ళో పులిహోర తింటారు. తిరిగొచ్చాక కొందరు రాస్తారు, పత్రికలు వేసుకుంటాయి. వాటిని నేను ఇష్టంగానే చదువుతాను. ఆరునెలల్లో ఐదున్నర నెలలు వంటింట్లో గడిచినా, వ్యాసంలో మాత్రం ఆ పదిహేను రోజులే వుంటాయి. శీర్షిక 'నా అమెరికా యాత్ర'.

రెండోది కువైట్. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, ఇటు అల్లవరం, ఉప్పలగుప్తం వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ ఇళ్ళల్లో పనికి వెళ్తూ ఎన్నో ఏళ్ళయింది. వాళ్ళలో దళిత స్త్రీలు ఎక్కువ. శెట్టిబలిజ, మత్స్యకార కుటుంబాలవాళ్ళూ, అప్పుల్లో మునిగిన కాపు ఇళ్ళవాళ్ళూ వున్నారు. వాళ్ళూ పిల్లల్ని పెంచుతారు, వండుతారు, ఎప్పుడో ఒకరోజు ఊరు చూస్తారు. చేసే పని ఒకటే. ఒకరిది యాత్ర అయింది, ఇంకొకరిది 'గల్ఫ్ వెతలు' అయింది. ఈ తేడా తెచ్చింది ప్రయాణం కాదు. జీతమూ, కులమూ, కలమూ.

వెతలు అబద్ధమని నేనడం లేదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, జీతం మూణ్ణెల్లకోసారి, పారిపోయొస్తే ఔట్‌పాస్ కోసం ఎంబసీ ముందు పడిగాపులు... ఇవన్నీ నిజాలు. మలయాళంలో 2011లో వచ్చిన గద్దామా సినిమా సౌదీలో పనిమనిషి నరకాన్ని చూపించింది. తెలుగులో 2017లో గల్ఫ్ పేరుతోనే సినిమా వచ్చింది. కానీ కష్టం చెప్పినప్పుడే ఆమె మాట మనకి వినపడుతోందంటే, మనం వినే తీరులోనే ఏదో లోపం వుంది. పనిమనిషిగా ఆమె అక్కడ ఎవరి చూపుకి లోబడి వుందో, బాధితురాలిగా ఇక్కడ మన చూపుకీ అంతే లోబడి వుంది. ఆమె చూసిందేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

మలికిపురం దగ్గర లంకలో వుండే ఒకావిడ 1994లో వెళ్ళి 2002లో తిరిగొచ్చింది. పేరు రాయొద్దంది. అక్కడివాళ్ళు 'ఇరవయ్యో నంబరు' అనే ఇంటిపని వీసా మీద, రుమైతియాలో ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళు చేసింది. పలుదఫాలుగా ఆమె చెప్పినదాన్ని ఇక్కడ యాత్రా కథనంగానే చదువుతాను. వీరాస్వామయ్యని చదివినట్టే.

ఆమె కథనం నీళ్ళతో మొదలవుతుంది. రాత్రిపూట దిగింది. తెల్లారి లేచి వాకిలి కడుగుతూ, ఆ ఇంట్లో ముందునుంచీ వున్న రాయచోటి ఆవిణ్ణి అడిగిన మొదటి మాట, "ఏరెటేపండీ?" ఆ రాయచోటి ఆవిడ పడీపడీ నవ్విందట. "ఈడ ఏరు లేదు తల్లీ. మా ఊర్లోనూ లేదులే!" అందట. గోదావరి మూడుపాయల మధ్య పుట్టి, గుమ్మంలో కాలవ, పెరట్లో బోదె చూస్తూ పెరిగిన మనిషికి ఏరులేని ఊరు వుంటుందన్న ఊహే లేదు. అక్కడి నీళ్ళు సముద్రంలోవని, మరగబెట్టి ఆవిరి పట్టి మంచినీళ్ళు చేస్తారని తెలుసుకోడానికి ఆమెకి నెల పట్టింది. తెలిసిన దగ్గర్నుంచీ కార్లు కడగడానికి గొట్టం వదిలినప్పుడల్లా మనసు పీకేదట. "కాసిన నీళ్ళండి అయ్యి. కాసిన నీళ్ళతో కార్లు కడుగుతారు." ఒక నగరం దేనిమీద నిలబడివుందో ఇంత తొందరగా పట్టుకున్న యాత్రికులు ఎంతమంది?

కువైట్ టవర్స్ గురించి ఆమె చెప్పిన వర్ణన ఇది. మూడు స్తంభాలు. ఒకదానికి రెండు గుండ్లు, ఒకదానికి ఒకటి, మూడోదానికి ఏమీ లేదు, మిగతా రెండింటి మీదా లైటు వెయ్యడానికి నిలబెట్టారు. "అందరూ ఫోటోలు దిగుతారు గానీ, అది నీళ్ళ టాంకీ అండీ." అక్షరాలా నిజం. 1979లో జనానికి తెరిచిన ఆ టవర్లు ఆ దేశపు నీటి సరఫరాలో భాగం. పెద్దది 187 మీటర్లు. గుండ్లకి తాపడం చేసిన నీలి, ఆకుపచ్చ రేకుబిళ్ళలు 41 వేల దాకా వుంటాయి. వాటి రూపకర్త మాలెన్ బ్యోర్న్ అనే డెన్మార్క్ స్త్రీ. ఆ సంగతి చెప్తే ఆమె కాసేపు ఏమీ మాట్లాళ్ళేదు. తర్వాత, "ఆడమనిషే అయ్యుంటాదండి. నీళ్ళకి అంత సోకు చేసిందంటే," అంది.

ఆ పై గుండు అరగంటకో చుట్టు తిరుగుతుంది. చంటిబిడ్డని ఎత్తుకోడానికి ఆమెని తీసికెళ్ళారు. బిడ్డ ఒళ్ళో నిద్రపోయింది. లేపకూడదు కాబట్టి ఎవరూ ఆమెకి పని చెప్పలేదు. "అరగంటండి. కూచున్నచోటే కూచుని ఊరంతా సూసేసేను, అంతర్వేది తీర్థంలో రథం మీద సామిలాగ." ఈ పోలిక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సముద్రమనో ఆకాశమనో అనలేదామె, రథం అంది. జీవితమంతా మోసినవాళ్ళ వైపునున్న మనిషి, ఒక్క అరగంట మోయించుకున్నవాళ్ళ వైపు కూచుంది. బోయీ పల్లకీలో కూచుంటే ఏం రాస్తాడన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు అదే.

సాల్మియా సముద్రపుటొడ్డున 2000లో తెరిచిన సైంటిఫిక్ సెంటర్‌లో పెద్ద ఆక్వేరియం వుంది. పిల్లలు అద్దానికి అతుక్కుపోయి సొరచేపని చూసి కెవ్వుమంటుంటే, ఆమె వెనకాల నిలబడి చేపల్ని గుర్తుపట్టుకుంటూ పోయింది. ఇది సొర, ఇది టేకు, ఇది పండుగప్ప. సొరని పొడుం చేసి బాలింతకి పెడితే పాలు పడతాయని ఆ ఇంటి మామాకి అరబ్బీలో చెప్పబోయిందట. ఇక్కడ మామా అంటే ఇంటి యజమానురాలు. ఆవిడ మొహం చిట్లించింది. వాళ్ళు పండక్కి వండించుకునే జుబైదీ మన చందువేనని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. అద్దం ఇవతల నిలబడ్డవాళ్ళలో ఆ చేపల్ని బతికుండగా నీళ్ళలో చూసిన మనిషి ఈమె ఒక్కతే. అయినా ఆ ఇంటివాళ్ళ లెక్కలో చూడ్డానికి వచ్చింది వాళ్ళు, పిల్లల సంచీ మోయడానికి వచ్చింది ఈమె.

ఇక నవ్వు సంగతి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టర్ పార్వతీశం 1924లో వచ్చింది. పార్వతీశం వూరు మొగల్తూరు మా వశిష్ఠకి అవతలి వైపే. అతను ఓడలో, రైల్లో, దొరల భోజనాల బల్ల దగ్గర చేసిన ప్రతి తెలివితక్కువ పనికీ వందేళ్ళుగా నవ్వుతున్నాం. ప్రేమగా నవ్వుతున్నాం. అతని తెలియనితనం మనకి ముద్దు. మలికిపురం ఆవిడ సూక్ షర్క్‌లో కదిలే మెట్ల ముందు నిలబడి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, రేవులో పంటు ఎక్కినట్టు ఒక్క గెంతు గెంతింది. ఆమె అది చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఈ సంఘటన మన కథల్లోకి ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. 'అమాయకపు పల్లె స్త్రీ' అయిపోతుంది, చివర్లో ఒక కన్నీటిబొట్టు పడుతుంది. విదేశంలో తెల్లబోయి నవ్వు పుట్టించే హక్కు కూడా మన సాహిత్యం పార్వతీశాలకే రాసిచ్చింది.

శుక్రవారాల గురించి కొంచెం చెప్పాలి. ఆమెకి మొదటి మూడేళ్ళూ సెలవన్నది లేదు. నాలుగో ఏడు నుంచి శుక్రవారం పొద్దున నాలుగు గంటలు ప్రార్థనకి వెళ్ళనిచ్చారు. కువైట్ సిటీలో ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క భాషలో ఆరాధన జరుగుతుంది. తెలుగు గదిలో రాజోలు యాసా, నరసాపురం యాసా, కడప యాసా కలిసి పాడతాయి. ప్రార్థన అయ్యాక నేరుగా ఇంటికి వెళ్ళాలి. వెళ్ళేదా? ముబారకియా బజారుకి వెళ్ళేది. కొనడానికి డబ్బు వుండేది కాదు. ఖర్జూరాలు కుప్పలుపోసిన వీధి, బంగారం కొట్ల వీధి, చేపల వేలం, బుర్ఖాల్లో బేరమాడే ముసలమ్మలు... అంతా ఒక చుట్టు చుట్టి బస్సెక్కేది. మన అమ్మమ్మలు పుష్కరాలనీ, తీర్థాలనీ చెప్పి గడప దాటి, స్నానం పావుగంట, తిరగడం పూటంతా చేసేవాళ్ళే కదా. ఆడదానికి భక్తి ఎప్పుడూ వీసానే. ఆమె ప్రార్థన అబద్ధం కాదు, బజారూ అబద్ధం కాదు. రెండూ ఆమెకి కావాలి.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేయించుకుని, సెలవివ్వక, జీతం ఆపిన చోట ఈ షికార్ల గోలేమిటి? శ్రమదోపిడీ మీద రంగు పూయడం కాదా? నేనలా అనుకోను. ఊరు చూడ్డం అనేది శ్రమకి బయట వున్న విలాసం కాదు, శ్రమ హక్కులో భాగం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఇంటిపనివారి ఒప్పందం, 189వది, తొమ్మిదో అధికరణంలో సరిగ్గా ఈ మాటే చెప్తుంది. విశ్రాంతి వేళల్లో, సెలవురోజుల్లో పనిమనిషి ఆ ఇంట్లోనే వుండాలని కట్టడి చెయ్యకూడదు. ప్రయాణ పత్రాలు, గుర్తింపు పత్రాలు ఆమె దగ్గరే వుండాలి. దీన్ని కువైట్ గానీ మన దేశం గానీ ఆమోదించలేదు. కువైట్ మాత్రం 2015లో 68వ నంబరు చట్టం చేసి వారానికో సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించని పని, ఏడాదికి నెలరోజుల జీతపు సెలవు రాసింది. మలికిపురం ఆవిడ తిరిగొచ్చిన పదమూడేళ్ళకి. మన ప్రభుత్వం ముప్ఫై దాటని ఆడవాళ్ళని ఆ దేశాలకి ఇంటిపనికి పంపకూడదనే నిబంధన పెట్టుకుంది, 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలంది. రక్షించడమంటే వెళ్ళనివ్వకపోవడం అని మన రాజ్యానికి ఒక లెక్క. వెళ్ళిన మనిషి తలుపు తీసుకుని వీధిలోకి రాగలుగుతోందా అన్నది లెక్కలో లేదు. ఆమె కథనంలో దోపిడీ కనిపించేది కూడా ఆ తలుపు దగ్గరే. ఎనిమిదేళ్ళలో తను చూసిన చోట్లన్నీ నాకు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. రెండు చేతుల వేళ్ళు సరిపోయాయి.

ఆమె దగ్గర ఫోటోలున్నాయి. టవర్స్ ముందు, సముద్రం ముందు, ఖర్జూరపు చెట్టు కింద. అన్నిటినీ పక్కనుంచి కత్తెరతో కత్తిరించింది. ప్రతి ఫోటోలోనూ ఆమె ఎవరో ఒకరి బిడ్డని ఎత్తుకుని వుంది మరి. అది వాళ్ళ ఫోటో, ఈమె పక్కన పడింది. కత్తిరించాక ఆమె ఒక్కతే మిగిలింది. ఒకదాంట్లో మాత్రం భుజం మీద బుల్లి చెయ్యి వుండిపోయింది. "దాన్ని కొయ్యబుద్ధి కాలేదండి." ఆత్మకథల్లో స్వీయచిత్రణ గురించి మనం చాలా రాశాం. ఈ కత్తెర పనిని కూడా ఆ లెక్కలో చదవొచ్చు.

మా నదికి అటూ ఇటూ ఆడవాళ్ళ శ్రమ కనపడకుండా పోవడం కొత్త కాదు. మిషనరీలు మొదట క్రైస్తవ స్త్రీలకి నేర్పిన లేసు అల్లిక తర్వాత ఇంటింటికీ పాకి, యూరపు బల్లల మీదికి వెళ్ళింది. మారియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాసి, ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేసే వీళ్ళని ఇంట్లో వూరికే కూచునే గృహిణులుగా ఎలా లెక్కగట్టారో చూపించింది. అప్పుడు లేసు విదేశం వెళ్ళింది, అల్లిన మనిషి గడపలో వుండిపోయింది. తర్వాత మనిషే వెళ్ళింది. ఇంట్లో వున్నప్పుడు పనిమనిషి అనిపించుకోలేదు, విదేశంలో వున్నప్పుడు ప్రయాణికురాలు అనిపించుకోలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు అక్కడున్న రాజోలు వైపు ఒక ముసలామె నాకు తెలుసు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయిలో దిగింది. అలా ఆ రెండు నెలల్లో తెచ్చిన భారతీయులు లక్షా డెబ్బయి వేలకి పైనే. బాగ్దాద్ రోడ్డు పక్కన ఖర్జూరపు తోటల గురించి ఆమె చెప్పేది. ఆ తోటలు మా కొబ్బరితోటల్లాగే వున్నాయని, అవి కనపడగానే భయం కొంచెం తగ్గిందని అనేది. యుద్ధంలో పారిపోతూ తోటల్ని చూసినావిడ! ఆమె మాటల్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఇప్పుడామె లేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర తెలంగాణ పోరాట స్త్రీల మాటల్ని వాళ్ళ నుడికారంలోనే, వాళ్ళు ఆగినచోట ఆగుతూ, అచ్చువేసింది. ఆ పద్ధతి మన చేతిలో వుంది. గల్ఫ్ వెళ్ళొచ్చిన స్త్రీల దగ్గరికి అది వెళ్ళాలి, అదీ తొందరగా. ఎందుకంటే కొన్ని కథనాలు ఇప్పటికే రికార్డయి వున్నాయి, మనం చెయ్యనక్కర్లేదు. ఫోన్ ఖరీదైన రోజుల్లో, ఉత్తరం రాయడం రానివాళ్ళు టేపురికార్డర్ ముందు కూచుని మాట్లాడి, ఊరొచ్చేవాళ్ళ చేత క్యాసెట్ పంపించేవాళ్ళు. మలికిపురం ఆవిడవి నాలుగు మిగిలాయి. కోనసీమ తేమకి రీలు బూజుపట్టి ఒకటి తెగిపోయింది. రెండోదాంట్లో ఒక వైపంతా టవర్ ఎక్కిన రోజు వుంది. వెనకాల చంటిబిడ్డ ఏడుపు, ఎవరో అరబ్బీలో కేకెయ్యడం, క్లిక్ మని ఆగడం, మళ్ళీ రాత్రెప్పుడో గొంతు తగ్గించి చెప్పిన చోటునుంచే మొదలెట్టడం. మూడోది వాళ్ళమ్మ ఇక్కణ్ణుంచి పంపిన జవాబు. అప్పు ఎంత తీరిందో, పిల్లాడికి ఏ స్కూల్లో సీటొచ్చిందో, వరదకి గట్టు ఎక్కడ తెగిందో వరసగా చెప్పింది. చివర్లో టేపు అయిపోతోందని పక్కనెవరో హెచ్చరిస్తుంటే గబగబా అడిగింది, "ఆ తిరిగే గది సంగతి మళ్ళీ చెప్పవే, మీ పిన్ని వినలేదంట."